యాంప్లిఫయర్ల పోలికకు ముందు శబ్దం సమానం చేయాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

ఇంట్లో మంచి స్టీరియో పెట్టుకుని తీరుబడిగా సంగీతం వినాలన్న కోరికతో లక్ష, రెండు లక్షలు, ఒక్కోసారి అంతకు మించి ఖర్చు పెట్టడానికి సిద్ధపడేవారు మన విజయవాడలో తక్కువేమీ లేరు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం మొదలైన ఊరు ఇది. భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్లు ఇక్కడ ఎన్నో. అంత వినికిడి ఉన్నవారు కూడా, పాట సంకేతాన్ని పెంచి స్పీకర్లకు పంపే యాంప్లిఫయరు ఎంచుకునే దగ్గరికి వచ్చేసరికి ధరనూ, వాట్ల అంకెనూ, అమ్మేవారి మాటనూ నమ్ముకోవలసి వస్తోంది. ఇందుకు ముఖ్య కారణం, షోరూముల్లో రెండు యాంప్లిఫయర్లను పోల్చి వినిపించేటప్పుడు రెండింటి శబ్ద స్థాయిని కొలిచి సమానం చేయకపోవడమే. ఈ విషయం మీ పత్రిక ద్వారా అమ్మేవారి దృష్టికీ, కొనేవారి దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఇటీవల మా బావగారికి తోడుగా నగరంలోని ఒక షోరూముకు వెళ్లాను. అవే స్పీకర్లకు ముందు డెబ్బై వేల రూపాయల యాంప్లిఫయరు, తర్వాత మూడు లక్షలకు దగ్గరలో ఉన్న మరొకటి కలిపి, ఒకే వయొలిన్ ఆలాపన వినిపించారు. రెండవది మొదలవగానే తంబుర శ్రుతి నిండుగా, వయొలిన్ ముందుకు వచ్చినట్టుగా వినిపించింది. "తేడా చూశారా సార్" అన్నాడు అక్కడి అబ్బాయి. రెండింటి వాల్యూమ్ ఒకటేనా అని అడిగితే, రెండు నాబ్‌లూ సగం దగ్గరే ఉన్నాయని చూపించాడు. నాబ్ ఎక్కడుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఎందుకంటే ఒక్కో యాంప్లిఫయరు లోపలికి వచ్చిన సంకేతాన్ని ఒక్కో నిష్పత్తిలో పెంచుతుంది. వారి మెకానిక్ దగ్గరున్న, వోల్టులు కొలిచే మల్టీమీటరు అడిగి తీసుకుని, ఫోనులోంచి 400 హెర్ట్జ్ టోన్ (సెకనుకు 400 కంపనాల ఒకే స్వరం) పంపి, స్పీకరు టెర్మినళ్ల దగ్గర కొలిస్తే మొదటిది 2 వోల్టులు, రెండవది 2.6 వోల్టులు చూపించింది. అంటే శబ్ద స్థాయిని కొలిచే డెసిబెళ్లలో రెండుకు పైనే తేడా.

ఈ కాస్త తేడా ఎందుకు అంత ముఖ్యమంటే, చెవి దాన్ని 'శబ్దం పెరిగింది' అని గుర్తించదు, 'బాగుంది' అని గుర్తిస్తుంది. మంద్ర స్వరాలు తక్కువ స్థాయిలో మనకు సన్నగా వినిపించి, స్థాయి పెరిగేకొద్దీ త్వరగా నిండుగా వినిపిస్తాయని అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్‌లు 1933లోనే కొలిచి చూపారు. అందువల్ల ఏ యాంప్లిఫయరు కాస్త గట్టిగా మోగితే అదే గెలుస్తుంది. రెండు కొట్లలో బియ్యం ధర పోల్చేవారు తూకం ఒకటేనా అని ముందు చూసుకుంటారు కదా, లక్షల విలువ చేసే వస్తువుకు ఆపాటి జాగ్రత్త అక్కర్లేదా? రెండు యాంప్లిఫయర్ల వోల్టేజీ 2.00, 2.02 వోల్టుల మధ్యకు తెస్తే తేడా 0.1 డెసిబెల్‌కు దిగుతుంది. చవక మల్టీమీటర్లు 400 హెర్ట్జ్ దాటితే సరిగా చూపకపోవచ్చు కాబట్టి అంతకు మించని టోన్ వాడితే చాలు. ఐదు నిమిషాల పని.

ఆ రోజు సమానం చేశాక మళ్లీ అదే ఆలాపన విన్నాం. ఏది మోగుతోందో మా బావగారు చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేకపోయాను. మృదంగం తనియావర్తనం పెట్టినప్పుడు మాత్రం ఎడమ మూత నుంచి వచ్చే బరువైన నాదం రెండవ దానిలో మరింత బిగువుగా ఉందని ఇద్దరికీ అనిపించింది. అయితే ఏది మోగుతోందో కళ్లకు కనిపిస్తూనే ఉంది కాబట్టి దాన్ని రుజువుగా నేను చెప్పను. 1987లో అమెరికాలోని స్టీరియో రివ్యూ పత్రిక శబ్ద స్థాయి సమానం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా వినిపించినప్పుడు, కొన్ని వందల డాలర్ల యాంప్లిఫయరుకూ వేల డాలర్ల దానికీ మధ్య తేడాను శ్రోతలు నిలకడగా పట్టలేకపోయారు.

ఇంతమాత్రాన యాంప్లిఫయర్లన్నీ ఒకటేనని నేను అనడం లేదు. తేడాలు ఉన్నాయి, వాటికి కారణాలూ ఉన్నాయి. కరెంటుకు స్పీకరు చూపే అడ్డును ఇంపెడెన్స్ అంటారు, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకరు కొన్ని స్వరాల దగ్గర 4 ఓమ్‌లకో, ఇంకా కిందికో దిగుతుంది. అప్పుడు యాంప్లిఫయరు ఎక్కువ కరెంటు ఇవ్వాలి. 8 ఓమ్‌లకు 60 వాట్లు ఇచ్చేది 4 ఓమ్‌లకు 120 వాట్ల దగ్గరికి చేరగలిగితే, దాని ట్రాన్స్‌ఫార్మరూ పవర్ సప్లై గట్టివని అర్థం. ఎక్కువ ధర న్యాయంగా ఖర్చయ్యేది సాధారణంగా అక్కడే. ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాలు వాడే వాల్వు యాంప్లిఫయర్ల సంగతి వేరు. చాలా వాటి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (స్పీకర్ల వైపు యాంప్లిఫయరు సొంత అడ్డు) ఎక్కువ కాబట్టి, స్పీకరు ఇంపెడెన్స్ మారే తీరును బట్టి కొన్ని స్వరాలు కాస్త పెరిగి, కొన్ని కాస్త తగ్గి వినిపిస్తాయి. ఆ తేడా కొలతలకూ దొరుకుతుంది, చెవికీ దొరుకుతుంది, కొందరికి అదే ఇష్టం కూడా. కొనేవారు తమ స్పీకర్లతోనే విని చూడాలని నేను పట్టుబట్టేది అందుకే.

మన ఊరి ఎండలను కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కో ఛానెల్‌కు, అంటే కుడి ఎడమ స్పీకర్లలో ఒక్కోదానికి, 25 వాట్లు ఇచ్చే పుష్‌పుల్ క్లాస్ ఏ యాంప్లిఫయరు (జంటగా పనిచేసే భాగాల్లో ఎప్పుడూ కరెంటు పారుతూ ఉండే రకం), సిద్ధాంతం ప్రకారం దక్కగల గరిష్ఠ సామర్థ్యం (లాగిన విద్యుత్తులో స్పీకరుకు చేరే పాలు) 50 శాతంతో పనిచేసినా, పాట వస్తున్నా రాకున్నా రెండు ఛానెళ్లకూ కలిపి 100 వాట్ల విద్యుత్తు లాగుతూనే ఉంటుంది. వాడుకలో ఇంకా ఎక్కువే. అదంతా మన హాలులోకి వేడిగా వస్తుంది. లోపల విద్యుత్తును నిల్వ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు, పెరిగే ప్రతి పది డిగ్రీల వేడికీ సుమారు సగానికి పడిపోతుంది. మే నెలలో గదే నలభై డిగ్రీల దగ్గర ఉండే ఊళ్లో, అద్దాల తలుపున్న షోకేసులో అలాంటి యాంప్లిఫయరు పెట్టించి పంపడం అన్యాయం. దాదాపు 90 శాతం సామర్థ్యంతో, చల్లగా పనిచేసే క్లాస్ డి రకాన్ని (ట్రాన్సిస్టర్లను అతివేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచేది) చులకనగా మాట్లాడే అలవాటు కూడా ఇకనైనా పోవాలి. సర్వీసు ఊళ్లోనే దొరుకుతుందా, లేక ముప్పై కిలోల పెట్టెను చెన్నైకో బెంగళూరుకో మోసుకెళ్లాలా అన్నది కొనకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఇక వాట్లు. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 87 డెసిబెళ్లు పలికే స్పీకర్లతో ఫ్లాటులోని హాలులో మామూలుగా వినడానికి సగటున ఒక వాటు కూడా పట్టదు. మిగతా శక్తి దరువులు ఎగసినప్పటి కోసం దాచి ఉంచినది. 50 వాట్లను 100 చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే. శబ్దం రెట్టింపు అయినట్టు వినిపించాలంటే శక్తి దాదాపు పది రెట్లు కావాలి. ఈ లెక్క తెలియనివారికి పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠ శక్తి) పేరుతో వేల వాట్లు చూపించి అమ్మిన రోజులు మనం చూశాం. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఇలాంటి ప్రకటనలకు కళ్లెం వేస్తూ నిబంధన తెచ్చి, 2024లో దాన్ని ఇంకా బిగించింది. వాట్లు చెప్పుకోదలిస్తే 8 ఓమ్‌ల లోడుతో, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, ఒక శాతంలోపు వక్రీకరణతో (అసలు ధ్వని రూపు చెడడం) కొలిచి చెప్పాలన్నది దాని సారాంశం.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. యాంప్లిఫయర్ల ప్రకటనలు స్వీకరించేటప్పుడు, రెండు ఛానెళ్లూ కలిసి పనిచేస్తుండగా ఒక్కో ఛానెల్ నిరంతరంగా ఇవ్వగల వాట్లు ఎన్ని, ఎన్ని ఓమ్‌లకు అన్న వివరం తప్పక ఉండాలని ప్రకటనకర్తలను కోరండి. షోరూములవారు కౌంటరు మీద ఒక మల్టీమీటరు ఉంచి, అడిగిన ప్రతివారికీ శబ్దం సమానం చేసి వినిపించాలి. లక్ష దాటిన యాంప్లిఫయరునైతే, తగిన పూచీ తీసుకుని, కొనేవారి ఇంట్లో వారి స్పీకర్లతో ఒక వారాంతం వినే అవకాశం ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ