పిల్లలు కలగకపోతే పరీక్ష ఇద్దరికీ ఒకేసారి జరగాలి

సంపాదకుడికి,

సంతానలేమి మీద పత్రికల్లో ఏ వ్యాసం వచ్చినా పక్కన వేసే బొమ్మలో దిగాలుగా కూర్చున్న ఆడమనిషి ఒక్కతే ఉంటుంది. గొడ్రాలు అనే మాటకు వాడుకలో మగవాళ్ల జోడీ మాటే లేదు. కానీ పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా ఆమెకు హార్మోన్ పరీక్షలు, స్కానింగులు, ట్యూబుల ఎక్స్‌రే, ఒక్కోసారి పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూసే ల్యాపరోస్కోపీ కూడా అయ్యాక గానీ అతను వీర్య పరీక్షకు కదలడు. సూది గుచ్చే పని కూడా లేని పరీక్ష అది. ఏడాది ప్రయత్నించినా, ఆమెకు 35 ఏళ్లు దాటి ఉంటే ఆరు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరికీ పరీక్షలు ఒకేసారి మొదలవ్వాలి.

పరీక్ష తేలికే గానీ శాంపిల్ సరిగ్గా ఇవ్వకపోతే రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. అంతకుముందు స్ఖలనం జరిగి కనీసం రెండు రోజులు కావాలి, ఏడు రోజులు మించకూడదు. ల్యాబు ఇచ్చిన వెడల్పు మూతి డబ్బానే వాడాలి. మామూలు కండోమ్‌లో పట్టి తెస్తే అందులోని పదార్థాలు వీర్యకణాలను దెబ్బతీస్తాయి. నూనె, సబ్బు, ఉమ్మి తగలకూడదు. మొదట పడే కాస్తలోనే కణాలు ఎక్కువగా ఉంటాయి. అది డబ్బా బయట పడితే కౌంటు, అంటే కణాల సంఖ్య, ఉన్నదానికంటే బాగా తక్కువ వస్తుంది. ఆ సంగతి ల్యాబు వాళ్లకు చెప్పాలి, సిగ్గుపడి చాలామంది చెప్పరు. ఇంట్లో పట్టితే డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించి, వీలైతే అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలోపు అందించాలి. చల్లబడితే కదలిక తగ్గిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం కనిష్ఠ హద్దులు ఇవి: వీర్యం 1.4 మి.లీ., మి.లీ.కు 1 కోటీ 60 లక్షల కణాలు, కదిలే కణాలు మొత్తం 42 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. ఆకారం 4 శాతమేనా అని కంగారుపడేవాళ్లు చాలామంది. నిజానికి ఇవి పాస్ మార్కులు కావు. ఏడాదిలోపు తండ్రులు కాగలిగిన మగవాళ్లలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత ఇది. అంతకన్నా తక్కువ ఉన్నా గర్భం రావచ్చు, ఎక్కువ ఉన్నా రాకపోవచ్చు. పైగా కణం తయారై బయటికి రావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. రెండు నెలల కిందటి గట్టి జ్వరం ఇవాళ్టి కౌంటును పడగొట్టగలదు. తేడా వస్తే మళ్లీ పరీక్ష చేయించాకే నిర్ణయానికి రావాలి.

కండలు పెరగాలని, మగతనం కనబడాలని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకునే కుర్రాళ్ల విషయం మరీ బాధాకరం. బయటి హార్మోన్ అందగానే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది. కణాల తయారీ కొందరిలో పూర్తిగా ఆగిపోతుంది. మానేసినా తేరుకోవడానికి నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఈ మందు కౌంటు పెంచదు, తుడిచేస్తుంది.

వృషణాల పైన సిరలు ఉబ్బే వెరికోసిల్ ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. నిలబెట్టి చేత్తో చూస్తే డాక్టరుకు తెలిసిపోతుంది. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. చేతికి తగిలేంత ఉండి, రిపోర్టు కూడా బాగాలేకపోతే ఆలోచించాలి. ఇలాంటివి చూడకుండా నేరుగా ఇక్సీకి, అంటే ల్యాబులో ఒక్కో కణాన్ని అండంలోకి ఎక్కించే పద్ధతికి, వెళ్తే లోపం అతనిదైనా రోజూ ఇంజెక్షన్లు, అండాలు తీసే ప్రక్రియ ఆమెకే. సరిచేయగల కారణం అతనిలో ఉంటే, ఆమె వయసు ఆగనిస్తే, ముందు దాన్ని సరిచేయడమే న్యాయం.

కౌంటుకూ మగతనానికీ ముడిపెట్టడం వల్లే ఈ వెనకడుగు అంతా. కణాలు ఒక్కటీ లేని మనిషికి కూడా కోరిక, సామర్థ్యం, వీర్యం మామూలుగానే ఉండొచ్చు. ఇప్పుడు భర్తలు క్లినిక్‌కు తోడు వస్తున్నారు, స్కాన్ గదిలో పక్కన నిలబడుతున్నారు. మంచి మార్పే, కానీ తనూ పేషెంటేనని ఒప్పుకోవడం ఇంకా మిగిలే ఉంది. మొదటి విజిట్‌లోనే డాక్టర్లు ఇద్దరి పేర్లతో కేసు షీటు తెరిచి, అతని వీర్య పరీక్ష కూడా అదే రోజు రాయాలి. మీ ఆరోగ్య పేజీలో ఈసారి ఈ విషయం మీద వ్యాసం వేసేటప్పుడు బొమ్మలో ఇద్దరినీ వేయండి.

ఒక పాఠకుడు