తెర వెనక నీలి గౌను

చిట్టితల్లీ,

ఇంటికొచ్చి పది రోజులైంది. జెట్‌లాగ్ పోయింది కానీ, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పెయింటింగ్‌లో చూసిన ఆ నీలి గౌను అమ్మాయి మాత్రం కళ్ల ముందు నుంచి కదలడం లేదు. నువ్వేమో "పద అమ్మా, ఇంకా చాలా ఉన్నాయి" అంటూనే ఉన్నావు. నాకు అడుగు పడలేదు.

పట్టుచీరలు చూసి చూసి అలవాటైన కళ్లు కదా, ముందు ఆ శాటిన్ మీదే పడ్డాయి. మడత విరిగిన చోట తెల్లటి మెరుపు, లోపలికి వెళ్లేకొద్దీ ముదురు నీలం. పట్టుకుంటే చేతిలోంచి జారిపోతుందేమో అనిపించింది. పసుప్పచ్చ కుర్చీ మీద చేతులు ఆనించి నిలబడింది. మణికట్టుకు ముత్యాల పేటలు. శాలువా, గ్లవ్స్, విసనకర్ర కుర్చీలోనే ఉన్నాయి, ఇప్పుడే ఎక్కడికో బయల్దేరుతున్నట్టు. అన్ని నగలు పెట్టుకున్నా ఆ మొహంలో బిడియం దాగలేదు. నాకు నచ్చింది అదే.

వచ్చాక ఆవిడ గురించి చదివాను. పేరు పోలిన్, ఫ్రాన్స్‌లో బ్రోయ్ వంశపు కోడలు, ప్రిన్సెస్. ఆంగ్ర్ అనే చిత్రకారుడు 1851లో మొదలుపెట్టి 1853లో పూర్తి చేశాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి, ఆవిడకు 28. 1860లో క్షయతో పోయింది, 35 ఏళ్లకే. ఐదుగురు కొడుకుల తల్లి. ఇంటర్ ఫిజిక్స్‌లో నువ్వు రాత్రుళ్లు చదివిన డీబ్రాయ్ తరంగదైర్ఘ్యం గుర్తుందా? 1929లో నోబెల్ అందుకున్న ఆ లూయీ డీబ్రాయ్‌కి ఈవిడే నానమ్మ. మనవడు పుట్టింది 1892లో. పాపం, చూసుకోలేదు.

భర్త ఆల్బేర్ 1901 దాకా బతికాడు, ఫ్రాన్స్ ప్రధాని కూడా అయ్యాడు. మళ్లీ పెళ్లి మాత్రం చేసుకోలేదు. ఆవిడ రాసిన వ్యాసాలు ఏర్చి కూర్చి అచ్చు వేయించాడు. ఈ బొమ్మకు మాత్రం తెర కప్పి ఉంచాడట.

అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నాన్న ఫొటో హాల్లో ఎందుకు పెట్టవని నువ్వు ఎన్నిసార్లు అడిగావో. అందరిళ్లలో దండ వేసి గోడకు ఉంటుంది, మనింట్లో బీరువాలో చీరల మధ్య ఉంది. అప్పుడు నీకు చెప్పడం చేతకాలేదమ్మా. దండ వేస్తే ఆయన పోయాడని రోజూ ఒప్పుకోవాలి. బీరువా తెరిచినప్పుడు ఒక్క నిమిషం చూసుకుంటే, ఊరెళ్లిన మనిషిలా ఉంటాడు.

నిన్న తీసి తుడిచాను. స్టూడియోలో దిగిన నీలం చొక్కా ఫొటో, నీకు తెలుసుగా. స్కాన్ చేయించి పంపుతున్నా. నీ గదిలో పెట్టుకో. దండ మాత్రం వద్దు.

అమ్మ