నల్లరాయి గీసిన ఎర్ర గీత

సంపాదకులకు నమస్కారం.

వాగులోనో గుట్ట మీదో దొరికిన నల్లరాయి ఫొటో వేసి, పక్కన ‘ఉల్కేనా?’ అని రాసే వార్తలు అప్పుడప్పుడు చదువుతుంటాను. అదే ప్రశ్నతో నేనూ మా అమ్మాయీ రెండు నెలలు గడిపాం. అందుకే ఈ ఉత్తరం.

ఎండిన వాగులో రాళ్లు ఏరుతూ, “అమ్మా, ఇదెంత బరువుందో చూడు” అని తను నా చేతిలో ఒకటి పెట్టింది. పిడికిలి కన్నా కాస్త చిన్నది. నల్లగా నున్నగా ఉంది, అక్కడక్కడా వేలితో నొక్కినట్టు గుంటలు. ఫొటో పంపితే ఒకరు ఉల్క అన్నారు, ఇంకొకరు ఇనుప చిట్టెం అన్నారు. ఫోన్‌లో యాప్ ఎండలో ఒక పేరు, నీడలో మరో పేరు చెప్పింది. అయస్కాంతం పెడితే కొద్దిగా లాగింది. ఇక ఉల్కేనని ఇద్దరం నమ్మేశాం.

ఆ నమ్మకాన్ని తేల్చింది ఒక పగిలిన టైల్. దాని వెనక, మెరుపు పూత లేని గరుకు వైపు రాయిని నొక్కి గీశాం. నల్లరాయి ఎర్ర గీత గీసింది! అచ్చం జాజు రంగు. పైకి నల్లగా, వెండిలా ఎలా కనిపించినా పొడి మాత్రం ఎర్రగా రావడం హెమటైట్ అనే ఇనుప ఖనిజం లక్షణం. మాగ్నటైట్ అనే మరో ఇనుప ఖనిజం అయితే గీత నల్లగా పడుతుంది. కొత్తగా పడిన ఉల్క ఇలాంటి ఎర్ర గీత గీయదు.

అయినా అమ్మాయి ఒప్పుకోలేదు. అది నాకు నచ్చింది. ఒక్క పరీక్షతో పేరు పెట్టేయకూడదు కదా. రాయిని డిజిటల్ త్రాసు మీద పెడితే 412 గ్రాములు. తర్వాత నీళ్ల గిన్నెను త్రాసు మీద ఉంచి అంకెను సున్నా చేసి, రాయికి దారం కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా ముంచాం. 84 చూపించింది. అంటే రాయి పక్కకు నెట్టిన నీళ్లు 84 గ్రాములు. 412ను 84తో భాగిస్తే 4.9, అంటే అంతే పరిమాణం నీళ్ల కన్నా రాయి 4.9 రెట్లు బరువు. పలుగురాయికి ఈ అంకె 2.65. రాతి ఉల్కలకు సుమారు మూడున్నర, ఇనుప ఉల్కలకు ఏడున్నర పైనే. స్వచ్ఛమైన హెమటైట్‌కు 5.2 దాకా ఉంటుంది, మట్టీ ఇసుకా కలిసినదానికి కాస్త తగ్గుతుంది. మా రాయి ఎక్కడ సరిపోయిందో అమ్మాయే చెప్పింది.

చాకుతో గీసి చూసేవాళ్లకు ఒక మాట. గీత పడగానే రాయి మెత్తనిదనుకోవద్దు. వేలితో తుడిచి చూడండి. చెరిగిపోతే అది చాకు లోహం రాయికి అంటుకోవడమే. నేను అక్కడే పొరబడ్డాను. ఇంకొకటి, నిజంగా ఉల్క అనే అనుమానం ఉంటే బలమైన అయస్కాంతం తాకించకండి. ఆ రాయిలో దాగిన పాత అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మాది ఉల్కే అయ్యుంటే ఆ నష్టం నా చేతులతో నేనే చేసేదాన్ని.

నా విన్నపం ఇది. ఇలాంటి ఫొటో వేసేటప్పుడు దయచేసి నాలుగు వివరాలు కూడా అడిగి వేయండి: బరువెంత, నీళ్లలో ముంచితే వచ్చిన అంకె ఎంత, టైల్ మీద గీత ఏ రంగు, సరిగ్గా ఎక్కడ దొరికింది. పిల్లల పేజీలో టైల్ పరీక్షను బొమ్మలతో చూపిస్తే ఇంకా మంచిది.

ఆ నాలుగోది మేమే రాసుకోలేదు. వాగులో ఏ మలుపు దగ్గర ఏరామో ఇద్దరికీ గుర్తులేదు. ఆ ఖనిజం ఏ గట్టు నుంచి కొట్టుకొచ్చిందో వెతుకుదామన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇప్పుడు అమ్మాయి ఏ రాయి ఏరినా, సంచిలో వేసే ముందు కాగితం మీద చోటు రాసి దానికి చుడుతోంది.

— ఒక పాఠకురాలు