పాట తొలగించిన సీడీని 'పూర్తి ఆల్బమ్' అని అమ్మడంపై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: రామ్‌స్టైన్ బృందం ఆల్బమ్ 'లీబె ఇస్ట్ ఫ్యూర్ అల్లె డా' సీడీ వర్ణనకు భిన్నంగా ఉండటం, వాపసుకు నిరాకరించడం, అమ్మకపు పేజీలో తప్పుడు సమాచారం కొనసాగించడం గురించి.

అయ్యా,

నేను మీ సంస్థ వద్ద చాలాకాలంగా సీడీలు, ఎల్పీ రికార్డులు కొంటున్న వినియోగదారుణ్ణి. బెర్లిన్‌కు చెందిన ఇండస్ట్రియల్ మెటల్ (యంత్రాల హోరును తలపించే బరువైన రాక్ సంగీతం) బృందం రామ్‌స్టైన్ 2009 అక్టోబరులో విడుదల చేసిన ఆరవ స్టూడియో ఆల్బమ్‌ను ఇటీవల మీ దగ్గర కొన్నాను. మీ పేజీలో దాన్ని 'జర్మనీలో నిషేధించిన ఆల్బమ్, 11 పాటల పూర్తి ప్రతి, అరుదైనది' అని వర్ణించి, అదే బృందం మిగతా ఆల్బమ్‌ల కంటే బాగా ఎక్కువ ధర పెట్టారు. ధర విషయంలో నాకు పేచీ లేదు. కానీ నాకు అందిన సీడీలో ఉన్నవి పది పాటలే.

సీడీ పెట్టి వినగా, మొదటి పాట 'రామ్‌లీడ్' ముగిసిన కొద్దిసేపటికే 'వైడ్‌మాన్స్ హైల్' ఆరంభంలో వచ్చే వేట కొమ్ముల నాదం వినిపించింది. ఆ రెండింటి నడుమ, ఆల్బమ్‌లో రెండవదిగా ఉండవలసిన 'ఇష్ టూ డియర్ వే' అనే పాట లేదు. లోపలి పుస్తకం తిరగేస్తే, అసలు ప్రతిలో ఉండే గిటారిస్టు రిషార్డ్ క్రుస్పె ఫొటో కూడా లేదు. అంటే మీరు పంపినది 2009 నవంబరులో జర్మనీ ఫెడరల్ సంస్థ ఒకటి ఈ ఆల్బమ్‌పై తీసుకున్న చర్య తరువాత జర్మనీ దుకాణాల కోసం పాటను, బొమ్మను తీసివేసి విడుదల చేసిన సవరణ ప్రతి. ఏ 'నిషేధాన్ని' ఘనంగా ప్రకటించి ఈ ఆల్బమ్‌కు గిరాకీ పెంచారో, దాని వల్ల కత్తిరింపుకు గురైన ప్రతినే పూర్తి ప్రతి అని చెప్పి నాకు అంటగట్టారు.

ఈ విషయం మీ కస్టమర్ కేర్ వారికి రాస్తే, సీడీ పగలలేదు, గీతలు పడలేదు, ప్లేయర్‌లో ఆడుతున్నది కాబట్టి లోపం లేదనీ, పైగా సీలు తీసిన సీడీలను తాము వాపసు తీసుకోమనీ బదులు వచ్చింది. సీలు తీయకుండా లోపల ఏయే పాటలున్నాయో తెలుసుకునే మార్గం కొన్నవారికి ఎక్కడుంది? 'ఒక్క పాటే కదా' అని కూడా ఆ జవాబులో రాశారు. సంగీతం అమ్మే సంస్థ నుంచి రావలసిన మాట కాదది. 'ఇష్ టూ డియర్ వే' 2010 ఆరంభంలో విడిగా సింగిల్‌గా విడుదలైన పాట. బృందం తన పేరును తానే చాటుకునే 'రామ్‌లీడ్' తరువాత, గిటార్ల బరువు మీద కీబోర్డు రాగం తేలుతూ వచ్చే ఈ పాటతోనే ఆల్బమ్ అసలు స్వభావం తెలుస్తుంది. ఫ్రెంచ్ గాయని ఎడిత్ పియాఫ్ పాడిన ప్రసిద్ధ పాటలోని ఫ్రెంచ్ మాటలు వినిపించే 'ఫ్రూలింగ్ ఇన్ పారిస్', జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ నాటకంలోని సొరచేప పాటను గుర్తుచేసే 'హైఫిష్' వంటి మెత్తని, తేలికైన ఘట్టాలు ఈ కరకుదనం పక్కన నిలిచినప్పుడే వాటి విలువ తెలుస్తుంది. పాటల వరుసను ఎంతో ఆలోచించి కూర్చిన బృందం విషయంలో, ఒక పాట లేకపోవడం చిన్న సంగతి కాదు.

ఇక మీ వర్ణనలోని 'నిషేధించిన ఆల్బమ్' అనే మాటకు వస్తాను. జరిగిన సంగతి ఇది. విడుదలైన కొద్ది వారాలకే, 2009 నవంబరులో, బాలలకు హాని కలిగించే మాధ్యమాలను పరిశీలించే జర్మనీ ఫెడరల్ సంస్థ ఈ ఆల్బమ్‌ను తన సూచీలో చేర్చింది. పైన చెప్పిన ఫొటోను, 'ఇష్ టూ డియర్ వే' సాహిత్యాన్ని అందుకు కారణాలుగా చూపింది. ఆ సూచీలో చేరిన వస్తువును 18 ఏళ్ల లోపు వారికి అమ్మకూడదు, వారి కంటపడేలా దుకాణంలో ప్రదర్శించకూడదు, ప్రచారం చేయకూడదు. పెద్దలు అడిగి కొనుక్కోవడానికి మాత్రం అడ్డులేదు. దీన్ని సంపూర్ణ నిషేధం అనడం తప్పు. 2010 మే 31న కొలోన్ పరిపాలనా న్యాయస్థానం ఈ చర్యను నిలిపివేయడంతో, మరునాడే ఆల్బమ్‌ను సూచీ నుంచి తొలగించారు. అసలు ప్రతి మళ్లీ జర్మనీ దుకాణాలకు వచ్చింది. 2011లో అదే న్యాయస్థానం, ఆల్బమ్‌ను సూచీలో చేర్చడమే చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ చర్య వల్ల తాము నష్టపోయామంటూ బృందం 2016లో 66,000 యూరోల పరిహారం కోరుతూ జర్మనీ ప్రభుత్వంపై దావా వేసిన విషయమూ పత్రికల్లో వచ్చింది. న్యాయస్థానం కొట్టివేసిన ముద్రను ఇన్నేళ్ల తరువాత కూడా ఇప్పటి సంగతి అయినట్టు వేసి అమ్మడం, కొనేవారికే కాక కళాకారులకూ చేస్తున్న అన్యాయమని నా అభిప్రాయం.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించిన విషయం మరొకటి ఉంది. మీరు అసలు ప్రతిని, సవరణ ప్రతిని ఒకే పేజీ కింద పెట్టి, రెండింటి గురించి కొన్నవారు రాసిన అభిప్రాయాలను, ఇచ్చిన స్టార్లను కలిపివేశారు. 'పాట మాయమైంది', 'మోసం' అంటూ ఒక్క స్టార్ ఇచ్చినవారు నిజానికి మీ సరఫరా మీద కోపంతో అలా ఇచ్చారు. ఆ స్టార్లు పడుతున్నది మాత్రం ఆల్బమ్ మీద. జర్మనీ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరిన ఆల్బమ్ ఇది. అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో ఈ బృందం అంతకుముందు ఎన్నడూ అందుకోని 13వ స్థానం సాధించింది. దీన్ని విని నచ్చనివారు నచ్చలేదని రాయవచ్చు, వారి విమర్శను నేను గౌరవిస్తాను. కానీ ఈ సంగీతాన్ని తొలిసారి వినాలనుకుని మీ పేజీ చూసే కుర్రవాళ్లు, గోదాములో జరిగిన పొరపాటును బృందం చేసిన పొరపాటుగా అనుకుని వెనుదిరిగితే, ఆ నష్టం ఏ రిఫండ్‌తోనూ తీరదు.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వాపసు తీసుకోవడానికి విక్రేత నిరాకరించకూడదు. పగుళ్లు, గీతలు ఉన్నాయా లేదా అన్న మీ ప్రశ్నకు ఇక్కడ తావు లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలనీ, నెల రోజుల్లో పరిష్కరించాలనీ కూడా ఆ నియమాల్లోనే ఉంది.

కాబట్టి 11 పాటలున్న అసలు ప్రతిని పంపి, ఈ సీడీని మీ ఖర్చుతో వెనక్కి తీసుకోవలసిందిగా కోరుతున్నాను. అసలు ప్రతి మీ వద్ద లేకపోతే, డెలివరీ ఛార్జీలతో సహా నేను చెల్లించిన మొత్తాన్ని తిరిగి ఇవ్వండి. కూపన్ రూపంలో ఇస్తే అంగీకరించను. అలాగే రెండు ప్రతులకూ వేరువేరు పేజీలు పెట్టి, ఏ ప్రతిలో ఎన్ని పాటలున్నాయో స్పష్టంగా రాసి, 'నిషేధించిన' అనే మాటను తొలగించి, అభిప్రాయాలను ఆయా ప్రతుల కిందికి మార్చండి. నా డబ్బు తిరిగి వచ్చినా ఈ సవరణలు జరగనిదే ఫిర్యాదు ముగిసినట్టు నేను భావించను. గడువులోగా పరిష్కారం చూపకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇన్వాయిస్ నకలు, మీ పేజీలోని వర్ణన స్క్రీన్‌షాట్, సీడీ అట్ట వెనుక భాగం ఫొటో, కస్టమర్ కేర్ జవాబు ఈ లేఖకు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
హైదరాబాద్