ఊపిరి బిగబట్టే పందెం గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం విరామ సమయంలో ఎనిమిదో తరగతి పిల్లలు ఊపిరి బిగబట్టే పందెం వేసుకున్నారు. ఒక బాబు కళ్లు తిరిగి పడిపోయాడు. కాసేపట్లోనే తేరుకున్నాడు, డాక్టరు చూశారు, క్షేమంగా ఉన్నాడు. తరగతి గదిలో గాలి ఆడకపోవడమే కారణమని మీలో కొందరు అనుకుంటున్నారట. పందెం జరిగింది ఆరుబయట మైదానంలో.

పందేనికి ముందు ఆ బాబు గబగబా, లోతుగా గాలి పీల్చి వదిలాడు. అలా చేస్తే ఆక్సిజన్ నిల్వ ఉంటుందని పిల్లల నమ్మకం. మామూలు శ్వాసకే, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ 97 శాతం దాకా నిండి ఉంటుంది, ఇంక కొత్తగా పట్టేది చాలా తక్కువ. తగ్గిపోయేది కార్బన్ డయాక్సైడ్. ఊపిరి తీయమని ముఖ్యంగా తొందరపెట్టేది అదే: రక్తంలో అది పెరిగితే ఆమ్లత్వం పెరుగుతుంది, మెదడు కింది భాగంలోని మజ్జాముఖం పసిగట్టి, ఛాతీ అడుగున ఉండే కండర పొర అయిన ఉదరవితానాన్ని కదిలిస్తుంది. దాన్ని ముందే ఊదేస్తే ఆ హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. ఈలోగా ఆక్సిజన్ పడిపోయి స్పృహ తప్పుతుంది. నీళ్లలో ఇలా చేస్తే ప్రాణమే పోతుంది.

పరీక్షలు, ఫీజుల తేదీలు నోటీసు బోర్డులో ఉన్నాయి. లైబ్రరీ పుస్తకాలు శుక్రవారంలోగా ఇచ్చేయాలి.

ప్రయోగశాల పీరియడ్లు తగ్గించమని కొందరు కోరారు. దానికి నేను ఒప్పుకోను. ఏడో తరగతి పిల్లలు ఛాతీ నమూనాగా గంటజాడీలో వై ఆకారపు గొట్టానికి రెండు బెలూన్లు కట్టి, అడుగున రబ్బరు పొర బిగించారు. పొర కిందికి లాగినా బెలూన్లు ఉబ్బలేదు. బిరడా పక్కనుంచి గాలి దూరుతోందని వాళ్లే కనిపెట్టి మైనంతో మూశారు, వెంటనే ఉబ్బాయి! ఛాతీకి చిల్లు పడితే ఊపిరితిత్తి ఎందుకు ముడుచుకుపోతుందో ఇక వాళ్లకు ఎవరూ బట్టీ పట్టించక్కర్లేదు. ఒక పాప ఇంకా ముందుకెళ్లింది. ఒక్కో శ్వాసలో 500 మిల్లీలీటర్లు పీలిస్తే సుమారు 150 శ్వాస గొట్టాల్లోనే ఆగిపోతుంది, ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులైన వాయుగోణులకు చేరేది 350. నిమిషానికి 12 శ్వాసలకు 4.2 లీటర్లు. అదే 200 చొప్పున 30 సార్లు పీలిస్తే మొత్తం 6 లీటర్లే అయినా, చేరేది 1.5 లీటర్లే. ఈ లెక్క పెద్దవాళ్లలో ఎంతమందికి తడుతుంది?

ఈ పందెం వీడియో రాత్రి పొద్దుపోయాక ఇంట్లో ఫోన్‌లో చూశామని పిల్లలే చెప్పారు. పడుకునే వేళకు ఫోన్ మీ దగ్గరే ఉంచుకోగలరని మనవి. పిల్లల్ని కారులో దింపేటప్పుడు సిగరెట్ కాల్చే పెద్దలకూ అంతే గౌరవంగా చెబుతున్నాను: శ్వాసనాళంలో కఫాన్ని పైకి నెట్టే సన్నని వెంట్రుకల్లాంటి శైలికలు ఆ పొగకు మందగిస్తాయి. ఆ తర్వాత దగ్గు అని మాకు సెలవు చీటీ పంపుతారు.

ఎవరైనా ఇలా పడిపోతే ఊపిరి ఆడుతోందో లేదో ముందు చూడండి. ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు పోయకండి. ఆడకపోతే వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయండి.

ప్రధానోపాధ్యాయురాలు