మా పాస్టరు అయ్యగారికి, వారి సతీమణి అమ్మగారికి, స్త్రీల సమాజానికి కృతజ్ఞతలు

ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీకందరికీ నా వందనములు. గుంటూరు జిల్లాలోని మా లూథరన్ సంఘం నన్ను ఎలా ఆదుకున్నదో ఆరాధనలో నిలబడి సాక్ష్యంగా చెప్పాలని చూశాను గాని, రెండు మాటలకే గొంతు పూడుకుపోయింది. అందువల్ల చెప్పవలసినవారందరికీ ఈ విధంగా రాసి తెలుపుకుంటున్నాను.

ఎనిమిదో నెలలో మా బిడ్డ కడుపులోనే చనిపోయింది. బొడ్డుతాడు ముడిపడిందని, ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పారు. అయితే ఆ తరువాత ప్రార్థన చేస్తానని ఇంటికి వచ్చిన ఒక ప్రసంగీకుడు యెహోషువ గ్రంథం 7వ అధ్యాయం తెరిచి, దోపుడు సొమ్ము దొంగిలించి దాచి ఇశ్రాయేలీయులందరి మీదికి ఓటమి తెచ్చిన ఆకాను లాంటివాడు ఈ ఇంట్లో ఉన్నాడని, దాచిన పాపం బయటికి వచ్చేదాకా ఈ గర్భం ఫలించదని అన్నాడు. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ దాచిన పాపమేదో వెతకడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు అమ్మ కొంగు ముడిలోంచి తీసిన చిల్లర, పరీక్షలో పక్కమ్మాయి పేపరు చూసి రాసిన జవాబు, అత్తగారిని మనసులో అనుకున్న మాటలు, ఇలా గుర్తొచ్చిన ప్రతిదాన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి ఒక్కొక్కదానికీ క్షమాపణ అడిగేదాన్ని. తెల్లవారేసరికి మరొకటి గుర్తొచ్చేది. ఆదివారం అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు చదివేదాన్ని గాని, అయ్యగారు పలికే క్షమాపణ వాక్యం మిగిలినవారికే తప్ప నాకు కాదనిపించేది. అయోగ్యంగా తినేవాడు తనకు శిక్షావిధి తెచ్చుకుంటాడన్న కొరింథీ పత్రికలోని మాటకు భయపడి, రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభురాత్రి భోజన సంస్కారం మొదలుకాక ముందే చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసేదాన్ని.

అది గమనించి ఇంటికి వచ్చిన మా అయ్యగారికి నా మొదటి కృతజ్ఞతలు. ఆయన ఆ నోటుపుస్తకం అడిగి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తొందర లేకుండా చదివారు. ఒక్కచోట పెన్సిలుతో గీత పెట్టారు. అది పొలం పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి మా తోటికోడలితో మాటలు మానేసిన విషయం. "ఇది ఒక్కటీ ఆమె దగ్గరికి వెళ్లి సరిచేసుకో తల్లీ. మిగతావన్నీ ఎప్పుడో ఒప్పుకున్నావు, ఎప్పుడో క్షమించబడ్డావు. క్షమించినవాడి దగ్గరికి మళ్లీ అదే లెక్క ఎందుకు తీసుకెళ్తావు?" అన్నారు. ఆపైన ఆకాను కథ తెరిచి చూపించారు. అక్కడ దోషం ఏమిటో దాపరికం లేదు: ఒక షీనారు పైవస్త్రం, 200 తులముల వెండి, 50 తులముల బంగారు కమ్మి, ఇలా వస్తువు వస్తువుగా చెప్పబడింది. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు ఫలానాదని చూపించి, దాన్ని దిద్దుకునే దారి కూడా చూపిస్తాడని, ఏ తప్పో చెప్పకుండా నువ్వే దోషివి అని రాత్రింబగళ్లు తరిమే గొంతు మాత్రం సహోదరుల మీద నేరం మోపేవాడైన సాతానుదని ఆయన చెప్పిన మాట నాకు ఎంతో మేలు చేసింది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి పాపం ఎవరిదని అడిగిన శిష్యులకు వీడైనా వీని కన్నవారైనా పాపం చేయలేదని ప్రభువు ఇచ్చిన జవాబును, సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికంటే ఎక్కువ అపరాధులు కారని ఆయన అన్న మాటను కూడా నా చేతనే చదివించారు. కొరింథులో పౌలు గద్దించింది కుంగిపోయి బల్ల దగ్గరికి వచ్చేవారిని కాదనీ, పేదవారు ఆకలితో చూస్తుండగా తాము ముందుగా తిని తాగినవారిననీ ఆ అధ్యాయం మొత్తం చదివాకే నాకు తెలిసింది.

జర్మనీలో సంఘ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథరు గారి పేరు పెట్టుకున్న సంఘంలో పుట్టి పెరిగినా, ఎర్ఫర్ట్ మఠంలో సన్యాసిగా ఉన్నప్పుడు ఆయన గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, ఇంకేదో మరిచిపోయానని మళ్లీ కంగారుపడేవాడని, ఆ మఠాల పెద్ద స్టౌపిట్జ్ లూథరు చూపును క్రీస్తు గాయాలవైపు తిప్పేవాడని నేను అప్పుడే విన్నాను. మా పిల్లలకు సండేస్కూల్లో పాపక్షమాపణ పత్రాల అమ్మకానికి ఎదురుగా లూథరు గారు రాసిన తొంభై అయిదు వాదాల సంగతితో పాటు ఈ సంగతి కూడా చెబితే బాగుండునని నా మనవి.

అమ్మగారికి ఎంత చెప్పుకున్నా తక్కువే. నాకు నిద్ర లేకపోవడం, అన్నం సయించకపోవడం, ఒకే ఆలోచన గిర్రున తిరగడం చూసి, దీనికి ప్రార్థనతో పాటు వైద్యం కూడా కావాలని ఆమే నిర్ణయించి, ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లి, ఓపీ చీటీ వరుసలో నా బదులు తానే నిలబడ్డారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులకు ఇలాంటి కుంగుబాటు రావచ్చని, మందులు వాడితే తగ్గుతుందని డాక్టరు గారు చెప్పారు. మందు వేసుకోవడం అవిశ్వాసమని నాతో అన్నవారూ లేకపోలేదు. జ్వరానికి మాత్ర వేసుకునేటప్పుడు వారికి ఆ సందేహం రాదు గదా అని మాత్రం అనుకున్నాను. ఆసుపత్రికి వెళ్లడానికి జంకేవారు 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు డబ్బులు లేకుండా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంటింటికీ వెళ్లి స్త్రీలకు వాక్యం చెప్పే మా సంఘపు బైబిలు స్త్రీ గారు వచ్చినప్పుడల్లా వంటగదిలో కింద చతికిలబడి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చునేవారు. వాక్యం చెప్పమని నేనే అడిగేదాకా చెప్పలేదు. అడిగాక రోమా పత్రిక 8వ అధ్యాయం మొదటి వచనం, "కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అన్నది చూడకుండా చెప్పి, పెళ్లయిన కొత్తలో తానూ ఒక బిడ్డను పోగొట్టుకున్నానని, ఆ సంగతి ఇన్నేళ్లుగా ఎవరితోనూ అనలేదని చెప్పారు. ఆ తరువాత స్త్రీల సమాజంలో ఇంకా ఎందరో తల్లులు తమ తమ బిడ్డల గురించి నోరు విప్పారు. ఇంత దుఃఖం మన మధ్యనే ఉండగా మనం ఒకరికొకరం తెలియకుండా కూర్చున్నామే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మా తోటికోడలికీ కృతజ్ఞతలు. నేను వెళ్లేసరికి ఆమె గుమ్మంలోనే ఎదురొచ్చి, నన్ను మాట పూర్తి చేయనివ్వకుండా లోపలికి లాక్కెళ్లి అన్నం పెట్టింది. పొలం గొడవ ఇంకా తెగలేదు గాని, మాటలు కలిశాయి. ఆ నెల సంస్కారానికి మేమిద్దరం పక్కపక్కనే మోకరించాము.

చివరగా సంఘ పెద్దలకు నా ప్రత్యేక వందనములు. మరణం జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లేవారు ఆ మరణానికి కారణాలు చెప్పకూడదని, బయటినుంచి వచ్చే ప్రసంగీకులను అయ్యగారు గాని ఒక పెద్ద గాని తోడు లేకుండా అటువంటి ఇళ్లకు పంపకూడదని వారు కమిటీలో తీర్మానించి మినిట్స్ పుస్తకంలో రాయించారు. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన పెద్దాయన, నాకు ఆ మాట అన్న ప్రసంగీకుణ్ణి మొదట మా ఊరికి పిలిపించిన ఆయనే.