ఇంగ్లీషు ఆనర్స్ పిల్లలకి ఒక సంఘం కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక పాతపట్నం మీదుగా రోజూ పొద్దున్నే మా పర్లాకిమిడి వస్తుంది. ఊరు ఒడిశాలో ఉన్నా మా వీధిలో సగం ఇళ్లల్లో తెలుగే మాట్లాడుకుంటాం. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు ఇంటి వరండాలో ప్లస్ త్రీ పిల్లలకి, అంటే మీ లెక్కలో డిగ్రీ పిల్లలకి, ఇంగ్లీషు ఆనర్స్ పాఠాలు చెబుతున్నాను. ఆ పిల్లల కోసమే ఈ ఉత్తరం.

ఆనర్స్ అంటే ఇక్కడ మెయిన్ సబ్జెక్టు అని అర్థం. ఆ మాటలో ఉన్న గౌరవం సంగతి ఎవరికీ గుర్తుండదు. పోయిన ఏడాది మా ట్యూషన్ కుర్రాడొకడికి ఫోన్లో మెసేజ్ వచ్చింది. నువ్వు ఒక అంతర్జాతీయ హానర్ సొసైటీకి, అంటే బాగా చదివే పిల్లల్ని ఎంచి చేర్చుకునే సంఘానికి, ఎంపికయ్యావు, నాలుగు వేలు కడితే సభ్యత్వం ఇస్తాం అని. వాళ్ల నాన్న సంతలో ఉల్లిపాయలు అమ్ముతాడు. అబ్బాయికి ఏదో పెద్ద పేరు వస్తోందనుకుని, చేబదులు తెచ్చి మరీ కట్టాడు. వారం తిరక్కుండా బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్ ఒకటి ఫోన్లోకి వచ్చింది. అంతకుమించి ఏమీ లేదు. తర్వాత ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో దాన్ని చూపిస్తే, 'ఈ సొసైటీలో నువ్వేం చేశావు?' అని అడిగారట. వీడికి నోట మాట రాలేదు. ఆ రాత్రి మా ఇంటికొచ్చి తల వంచుకుని కూర్చున్నాడు. ఆ పిల్లాడి తప్పేముంది? నువ్వు బాగా చదువుతున్నావని ఎవరో ఒకరు అంటే వినాలని ఉంది వాడికి. ఆ మాట మనం అనలేదు కాబట్టి ఎవరో డబ్బు తీసుకుని అన్నారు.

అదే ప్రశ్న నేను మా మనవరాల్ని అడిగాను. మా పెద్దమ్మాయి కూతురు అమెరికాలో ఇంగ్లీషు ప్రధానంగా డిగ్రీ చదివింది. పట్టా తీసుకున్న రోజు వీడియో కాల్లో చూస్తే నల్ల గౌను మీద మెడలో ఎరుపు, నలుపు దారాల తాళ్లు వేసుకుని ఉంది. అవేమిటే అంటే, సిగ్మా టౌ డెల్టా తాళ్లు తాతయ్యా అంది. ఇంగ్లీషు చదివే విద్యార్థుల హానర్ సొసైటీ అట. అందులో నువ్వేం చేశావమ్మా అన్నాను. అరగంట చెప్పింది. మూడు సెమిస్టర్లు పూర్తయ్యి, ఇంగ్లీషులో సరాసరి కనీసం బి గ్రేడు ఉన్నాక తనని పిలిచారట. చేరేటప్పుడు ఒక్కసారే రుసుము. తమ కాలేజీ శాఖ వాళ్లంతా వారానికోసారి కూర్చుని ఒకరు రాసింది ఒకరు చదివి సరిదిద్దుకునేవాళ్లట. ఏటా జరిగే పెద్ద సమావేశానికి వెళ్లి, తను రాసిన వ్యాసం వేదిక మీద చదివింది. విద్యార్థుల కవితలూ కథలూ వేయడానికి ఒక పత్రిక, విమర్శ వ్యాసాలకి విడిగా ఇంకొకటి ఆ సొసైటీయే నడుపుతుంది. మూడు గ్రీకు అక్షరాలకీ మూడు అర్థాలు చెప్పింది: చిత్తశుద్ధి, సత్యం, రూపకల్పన. ఆ మూడోది నాకు బాగా నచ్చింది. రాసే పిల్లలకి ఎవరూ చెప్పనిది అదే. మనసులో ఉన్నదంతా కాగితం మీద పోసేస్తే సరిపోదు, దానికో కట్టుబాటు ఉండాలి.

ఆ సొసైటీ ఎక్కడ పుట్టిందో తెలిశాక నాకు ఈ ఉత్తరం రాయాలనిపించింది. హార్వర్డ్‌లాంటి చోట కాదు. 1924లో సౌత్ డకోటా రాష్ట్రంలో మిచెల్ అనే చిన్న ఊళ్లో, డకోటా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో. ఆ ఊరికి ఉన్న పేరల్లా గోడలకి మొక్కజొన్న కండెలు అతికించి అలంకరించే ఒక మేడ. మొక్కజొన్న మా గజపతి జిల్లా కొండవాలుల్లోనూ పండుతుంది. అలాంటి ఊళ్లో మొదలైనది ఇవాళ వందల కాలేజీల్లో ఉంది. మన పిల్లలు మాత్రం ఇలాంటివన్నీ పెద్ద ఊళ్లవాళ్లకేనని అనుకుంటూ ఉంటారు.

నా దగ్గర చదివే పిల్లల్లో ఒక సవర గిరిజన అమ్మాయి ఉంది. మా జిల్లాలోనే గుమ్మ అనే ఊరి వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటోంది. ఒకరోజు మొహమాటపడుతూ ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది. వాళ్ల నానమ్మ చెప్పిన కథలు సవరలోనే, ఒడియా లిపిలో రాసుకుంది. పక్క పేజీలో ఇంగ్లీషు. సవర మాటలో గొంతు చటుక్కున ఆగే చోట్లు ఉంటాయి. దానికి ఒడియాలో అక్షరం లేదు. అందుకని ఆగిన చోటల్లా ఎర్ర పెన్నుతో చిన్న గీత గీసింది. పేజీ నిండా ఎర్ర గీతలే. ఎవరూ నేర్పలేదు, తనంతట తనే కనిపెట్టుకుంది.

ఒక కథలో నానమ్మ పోడు చేలో పిట్టల్ని తోలడానికి ఎత్తున కట్టుకున్న కర్రల అరుగు మీద కూర్చుంటుంది. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారు సార్ అంది. తెలుగులో మంచె అన్నాను. ఒడియాలో మంచా అంది తను. ఇంగ్లీషు మాటకి ఇద్దరం తడుముకున్నాం. చివరికి నిఘంటువు తిరగేస్తే మచాన్ అని ఉంది, హిందీ నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట. ఆ పిల్ల మొహం చూడాలి మీరు! తన చేలోని వస్తువు ఇంగ్లీషు నిఘంటువులో కనపడిందని ఆ పేజీకి ఫోటో తీసుకుంది. పరీక్షల కోసం గైడులు బట్టీ పట్టే పిల్లే ఇది. అందులో ఎన్ని మార్కులు వచ్చినా ఆ సంతోషం ఉండదు. అయితే ఆ నోట్‌బుక్ నేను తప్ప ఇంకెవరూ చూడలేదు. చూపించుకునే చోటు లేదు.

ఇదంతా జరుగుతున్నది ఏ ఊళ్లోనో గుర్తుచేయాలి. 1880లో గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా వచ్చింది ఈ పర్లాకిమిడికే. సవరలతో కలిసి కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం రాశారు. అది ఇంగ్లీషులో 1931లో వచ్చింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. వాడుక భాష కోసం ఆయన పడ్డ పాట్లు తెలుగువాళ్లందరికీ తెలుసు. ఇంగ్లీషు చేతికొచ్చిన మనిషి ఆ ఇంగ్లీషుతో తన పొరుగువాడి భాషకి ఎంత మేలు చేయగలడో ఈ వీధుల్లోనే చేసి చూపించారు. నా దగ్గరున్న ఆ ఎర్ర గీతల నోట్‌బుక్ నాకైతే ఆయన పనికి కొనసాగింపులాగే ఉంది.

తెలుగే కరిగిపోతుంటే ఇంగ్లీషుకి సంఘాలా అని కొందరు కోప్పడతారు. ఆ బాధ నాకూ ఉంది. మా ఇంట్లోనే చిన్నవాడు తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. బళ్లో ఒడియా, ఇంగ్లీషే. కానీ నలభై ఏళ్లుగా పిల్లల్ని చూస్తున్నవాణ్ణి. ఏదో ఒక భాషని శ్రద్ధగా, మాట మాటనీ పట్టుకుని చదివిన పిల్లవాడే తిరిగొచ్చి ఇంట్లో అమ్మమ్మ మాటని కొత్తగా వింటాడు. ఏ భాషా సరిగ్గా చదవనివాడు దేన్నీ పట్టించుకోడు.

అందుకని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు డిగ్రీ కాలేజీల ఇంగ్లీషు లెక్చరర్లకి నా విన్నపం. విదేశీ శాఖ కోసం ఆగక్కర్లేదు. మీ డిపార్టుమెంటులోనే ఒక సంఘం పెట్టండి. మూడు సెమిస్టర్లయ్యాక మార్కులు చూడండి. అయితే మార్కులతోనే సభ్యత్వం ఇచ్చేయకండి, పిల్లవాడు సొంతంగా రాసింది ఒకటి అడగండి. నాలుగు పేజీలు చాలు. గైడులోది కాకూడదు. తెలుగు, ఒడియా, సవర, కొంధులు మాట్లాడే కువి, ఏ ఇంటి భాష నుంచి ఇంగ్లీషులోకి తెచ్చినా సరే. పైసా తీసుకోవద్దు, ఇది చాలా ముఖ్యం. ఉల్లిపాయలు అమ్మే తండ్రి మళ్లీ అప్పు చేయకూడదు. నెలకోసారి కూర్చోబెట్టి చదివించండి, తప్పులు పిల్లల్నే చెప్పుకోనివ్వండి. మొదట్లో బిగుసుకుపోతారు, నవ్వుతారేమోనని టెన్షన్. రెండు మూడు సార్లకి సర్దుకుంటుంది. సభ్యుల్ని చేర్చుకునే రోజు ఆగస్టు 29 అయితే మరీ బాగుంటుంది, అది గిడుగు వారి పుట్టినరోజు. తల్లిదండ్రుల్ని పిలవండి. పిల్లలు రాసింది వాళ్ల ముందు చదవాలి, అర్థం కాకపోతే ఇంటి భాషలో చెప్పాలి. ఆ సవర అమ్మాయి నానమ్మ ఆ హాల్లో ముందు వరసలో కూర్చుని తన కథ వినాలని నా కోరిక.

మీ పత్రికకి కూడా ఒక మాట. జిల్లా పేజీలో ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలు వేస్తున్నారు, సంతోషం. నెలకోసారి ఇలా అనువాదం చేసిన పిల్లల రచన ఒకటి, అరపేజీ అయినా, తెలుగులో వేయగలరా?

నా వంతు నేను చెబుతాను. నా దగ్గర రెండొందల దాకా ఇంగ్లీషు పుస్తకాలు, మూడు నిఘంటువులు ఉన్నాయి. మా ఊళ్లో సంఘం పెడితే అవన్నీ ఇచ్చేస్తాను. శనివారం సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను, వచ్చి కూర్చుంటాను. ఎవరూ ముందుకు రాకపోతే ఈ ఆగస్టు 29న మా వరండాలోనే మొదలుపెడతాం. చాపలు పదీ పన్నెండుమందికి సరిపోతాయి. ఆ కుర్రాణ్ణి కూడా రమ్మన్నాను, సంతలో వాళ్ల నాన్న కూర్చుని చెప్పే బేరం మాటలు రాసుకు రమ్మని పని అప్పజెప్పాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా